పాత కారు ఇంజిన్‌తో విమానం ఎగరేసిన ఊరి మెకానిక్: ఇంట్లో విమానం కట్టొచ్చా?

 

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. ఈ వారానికి వేరే స్క్రిప్ట్ రెడీగా ఉంది. కానీ పది రోజుల కిందట ఒక తమ్ముడు ఇన్‌స్టాలో మెసేజ్ పెట్టాడు. ఇంటర్ సెకండియర్ చదువుతున్నాడు. పేరు, ఊరు చెప్పను. మెసేజ్ మాత్రం చదువుతా. "అన్నా, మా షెడ్‌లో పాత బైక్ ఇంజిన్ ఉంది. నా దగ్గర 40 వేలు ఉన్నాయి. యూట్యూబ్‌లో చూసి విమానం చేద్దామనుకుంటున్నా. రెక్కలకి వెదురు సరిపోతుందా? నాన్నకి ఇంకా చెప్పలేదు."

చదవగానే నవ్వొచ్చింది. ఆ చివరి లైన్ చూశాక నవ్వు ఆగిపోయింది. నాన్నకి ఇంకా చెప్పలేదు అంటున్నాడు. అంటే వీడు సీరియస్‌గానే ఉన్నాడు.

"అలాంటి పిచ్చి పనులు చేయకు, బుద్ధిగా చదువుకో" అని రెండు ముక్కలు కొట్టి వదిలేయొచ్చు. టైప్ కూడా చేశా. మళ్ళీ డిలీట్ చేశా. ఎందుకంటే ఆ మాట అబద్ధం. సరిగ్గా ఇలాంటి పిచ్చి ఉన్న చిన్న ఊరి మనుషులు నిజంగానే విమానాలు కట్టారు, ఎగరేశారు. అలాగే ఇంకొంతమంది కట్టి, ఎగిరి, చచ్చిపోయారు. ఈ రెండు గుంపుల మధ్య తేడా ఏంటో వీడికి తెలియాలి. సో తమ్ముడూ, ఈ వీడియో నీకు రిప్లై. మిగతా వాళ్ళూ వినండి.

మన కథ అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలో, చెర్రీ గ్రోవ్ అనే ఊళ్ళో మొదలవుతుంది. ఊరంటే టౌన్ కూడా కాదు, చుట్టూ పొలాలున్న చిన్న పల్లె. అక్కడ బెర్నార్డ్ పీటెన్‌పోల్ అని ఒకాయన ఉండేవాడు. 1901లో పుట్టాడు. మెకానిక్. పని సొంతంగా నేర్చుకున్నవాడు. మన ఊళ్ళలో ఒకాయన ఉంటాడు చూడండి, బోరు మోటారు కాలినా, ట్రాక్టర్ స్టార్ట్ కాకపోయినా, మిక్సీ ఆగిపోయినా అందరూ ఆయన దగ్గరికే వెళ్తారు. అచ్చం అలాంటి మనిషి అనుకోండి.

1920ల్లో అమెరికాలో విమానాల పిచ్చి ఎలా ఉండేదంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన విమానాలు కొనుక్కుని, పైలట్లు ఊరూరా తిరిగి పొలాల్లో దిగి, డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించుకుని తిప్పేవాళ్ళు. చూసినవాళ్ళందరికీ నాకూ ఒకటి ఉంటే బాగుండు అనిపించేది. సమస్య ఏంటంటే విమానం ఇంజిన్. చెక్క దొరుకుతుంది, గుడ్డ దొరుకుతుంది, పనితనం చేతిలో ఉంది. కానీ విమానం కోసమే చేసిన ఇంజిన్ కొనాలంటే మామూలు మనిషి వల్ల కాదు.

పీటెన్‌పోల్ ఆలోచన సింపుల్. కారు ఇంజిన్ వాడితే పోలా?

మొదట ఫోర్డ్ మోడల్ టి ఇంజిన్‌తో ట్రై చేశాడు. అది 20 హార్స్‌పవర్. సరిపోలేదు. తర్వాత ఫోర్డ్ మోడల్ ఎ కారు మార్కెట్‌లోకి వచ్చింది. నాలుగు సిలిండర్లు, 3.3 లీటర్లు, 40 హార్స్‌పవర్. 1927 నుంచి 1931 దాకా 48 లక్షలకు పైగా అమ్ముడైన కారు. అంటే ఆ ఇంజిన్ ప్రతి ఊళ్ళోనూ ఉంది. స్పేర్ పార్ట్స్ దొరుకుతాయి. రిపేర్ చేయడం అందరికీ తెలుసు. 1929 మే నెలలో ఆయన ఆ ఇంజిన్‌తో విమానం ఎగరేశాడు. దాని పేరు ఎయిర్ క్యాంపర్.

ఎలా ఉండేదో చెప్తా. చెక్క ఫ్రేమ్, దాని మీద గుడ్డ. రెక్క ఒక్కటే, పొడవు సుమారు 29 అడుగులు. అది పైలట్ తల మీద గొడుగులా ఉంటుంది. ముందు ఒకరు, వెనక ఒకరు, ఇద్దరు కూర్చోవచ్చు. పైన కప్పు లేదు. ఖాళీ విమానం బరువు సుమారు 280 కిలోలు. ఇంజిన్ చల్లబడటానికి కారులో లాగే నీళ్ళ రేడియేటర్ కావాలి కదా, దాన్ని ఇంజిన్ పైన, సరిగ్గా కళ్ళ ముందు నిలబెట్టాడు. పైలట్ ముందుకి చూడాలంటే పక్కకి తొంగి చూడాలి. చూడ్డానికి అంత అందంగా ఏం ఉండదు. కానీ ఎగిరింది.

ఇక్కడ బీటెక్ వాళ్ళు కొంచెం చెవులు ఇటు పెట్టండి. కారు ఇంజిన్ తీసి విమానానికి బిగించేస్తే అయిపోతుందా? అవ్వదు. తమ్ముడూ, నీ బైక్ ఇంజిన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది, జాగ్రత్తగా విను.

ఒకటి, లోడ్. రోడ్డు మీద బండి ఇంజిన్ ఎక్కువ సేపు రిలాక్స్‌గానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగుతాం, గేర్ మారుస్తాం, దిగుడు వస్తే యాక్సిలరేటర్ వదిలేస్తాం. పూర్తి పవర్ తీసుకునేది ఓవర్‌టేక్ చేసే పది సెకన్లు. విమానంలో అలా కుదరదు. పొలంలో ఆయిల్ ఇంజిన్ నీళ్ళు తోడినట్టు, ఎక్కువ లోడ్ మీద ఆగకుండా గంటల తరబడి తిరగాలి.

రెండు, లాగుడు. కారులో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుతుంది, అంతే. విమానంలో ప్రొపెల్లర్ ఆ షాఫ్ట్‌ని ముందుకి లాగుతూనే ఉంటుంది. మొత్తం విమానాన్ని ఈడ్చుకెళ్ళే బలం దాని మీద పడుతుంది. మామూలు బేరింగ్ దాన్ని తట్టుకోదు. పీటెన్‌పోల్ ఏం చేశాడంటే, ఇంజిన్‌ని వెనక్కి తిప్పి బిగించాడు. కారులో ఫ్లైవీల్ ఉండే వైపు ముందుకి వచ్చింది, అక్కడ ప్రొపెల్లర్ పెట్టాడు. ఆ లాగుడు కోసం వేరే బేరింగ్ ఏర్పాటు చేశాడు.

మూడు, స్పార్క్. కారులో ప్లగ్‌కి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. బ్యాటరీ ఒక బరువు, పైగా వైరు ఊడితే ఇంజిన్ ఆగుతుంది. ఆయన దాని బదులు మాగ్నెటో పెట్టాడు. ఇంజిన్ తిరుగుతున్నంత సేపూ తన స్పార్క్ తనే పుట్టించుకునే పరికరం అది.

అంటే గమనించండి. ఆయన బిగించింది కారు ఇంజిన్‌నే, కానీ అది ఎక్కడ ఫెయిల్ అవుతుందో ఒక్కో పాయింట్ వెతికి, ఒక్కొక్కటీ సరిచేసి బిగించాడు. మోడల్ టి ప్రయత్నం నుంచి ఇక్కడికి రావడానికి ఏళ్ళు పట్టింది. రీల్‌లో ముప్పై సెకన్లలో కనిపించేది ఈ భాగం కాదు.

ఇప్పుడు ఆసక్తికరమైన సీన్. ఆ రోజుల్లో మోడరన్ మెకానిక్స్ అని పాపులర్ పత్రిక ఉండేది. దాని ఎడిటర్ వెస్టన్ ఫార్మర్. కారు ఇంజిన్‌తో విమానం నడవదు అనేది ఆయన అభిప్రాయం. నిజానికి అందులో తప్పేం లేదు, ట్రై చేసినవాళ్ళు చాలామంది ఫెయిల్ అయ్యారు కాబట్టే ఆయన అలా అన్నాడు. మన పీటెన్‌పోల్ వాదనకి దిగలేదు. కామెంట్ సెక్షన్‌లో కొట్టుకోలేదు. 1930లో ఆయన, ఆయన స్నేహితుడు కలిసి ఒకటి కాదు, రెండు ఎయిర్ క్యాంపర్లు నడుపుకుంటూ మినియాపోలిస్ పక్కన ఉన్న ఆ పత్రిక ఊరికి వెళ్ళి దిగారు. ఇదిగో చూస్కో అన్నట్టు.

ఎడిటర్ ఏం చేశాడు? ఈగోకి పోలేదు. కన్విన్స్ అయ్యి, డ్రాయింగులు పబ్లిష్ చేద్దాం అన్నాడు. 1932లో ఆ విమానం ప్లాన్లు ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యువల్‌లో వచ్చాయి. కొలతలతో సహా. ఏ చెక్క ఎంత మందం, ఏ జాయింట్ ఎలా, ఇంజిన్‌లో ఏం మార్చాలి, అన్నీ.

టైమింగ్ చూడండి. అమెరికాలో మహా మాంద్యం నడుస్తున్న రోజులు. ఉద్యోగాలు లేవు, డబ్బు లేదు. అలాంటప్పుడు ఒక పల్లెటూరి మెకానిక్ తన డిజైన్‌ని జనం చేతిలో పెట్టాడు. నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇది ఎలా కనిపిస్తుందంటే, ఓపెన్ సోర్స్ అనే మాట పుట్టకముందే నడిచిన ప్రాజెక్ట్ లాగా. డాక్యుమెంటేషన్ బాగుంది, అందుకే బతికింది. ఈ రోజుకీ ఆ ప్లాన్లతో కొత్త ఎయిర్ క్యాంపర్లు కడుతున్నారు. ఆయన 1984లో పోయాడు. ఆయన వాడిన షెడ్డుని ఊడదీసి తీసుకెళ్ళి, విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో మళ్ళీ నిలబెట్టారు.

సరే. ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి మోటివేషన్ వీడియో అవుతుంది. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వేసి, నువ్వు అనుకుంటే ఏదైనా సాధిస్తావ్ అని ముగించొచ్చు. కానీ అలా ముగిస్తే ఆ తమ్ముడికి నేను ద్రోహం చేసినట్టే. ఇప్పుడు రెండో కథ.

ఫ్రాన్స్‌లో ఆంరీ మిన్యే అని ఒకాయన. ఈయనా సొంతంగా నేర్చుకున్నవాడే. మామూలు విమానం కంట్రోల్స్ తన వల్ల కావట్లేదని, తనలాంటి వాళ్ళు కూడా నడపగలిగేంత ఈజీ విమానం ఉండాలని పట్టుబట్టాడు. 1933 సెప్టెంబర్‌లో ఒక బుల్లి విమానం ఎగరేశాడు. దాని పేరుకి తెలుగులో అర్థం ఆకాశపు పేను. ఇంగ్లిష్ వాళ్ళు ఫ్లయింగ్ ఫ్లీ అన్నారు. పెద్ద రెక్క ముందు, చిన్న రెక్క దాని వెనకే. కాళ్ళతో తొక్కే పెడల్స్ లేవు. స్టిక్ ఒక్కటే. వెనక్కి లాగితే ముందు రెక్కే వంగి విమానం పైకి లేస్తుంది. ఇంజిన్ 17 హార్స్‌పవర్.

1934లో దాన్ని ఎలా కట్టాలో పుస్తకం రాశాడు. అది మామూలు హిట్ కాదు. మరుసటి ఏడాది ఇంగ్లిష్‌లో వచ్చాక బ్రిటన్‌లో కూడా గ్యారేజీల్లో, పెరళ్ళలో, ఎక్కడ పడితే అక్కడ కట్టడం మొదలుపెట్టారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే వైరల్ అయింది.

తర్వాత మనుషులు చనిపోవడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు. ప్రతిసారీ దాదాపు ఒకటే తీరు. విమానం ముక్కు కిందికి వంగేది, మళ్ళీ లేచేది కాదు, నేరుగా నేలలోకి. మొదట్లో ఏమనుకుంటారు? వాడు సరిగా కట్టలేదు, సరిగా నడపలేదు అనుకుంటారు. 1936లో బ్రిటన్, ఫ్రాన్స్ రెండు చోట్లా దాన్ని విండ్ టన్నెల్‌లో పెట్టి, అంటే పెద్ద ఫ్యాన్లతో గాలి కొట్టే సొరంగంలో పెట్టి చూశారు. అప్పుడు బయటపడింది. తప్పు డిజైన్‌లోనే ఉంది.

ఏంటా తప్పు? రెండు రెక్కలు మరీ దగ్గరగా ఉన్నాయి. ముక్కు ఒక పరిమితి దాటి కిందికి వంగాక, పైలట్ స్టిక్ వెనక్కి లాగితే ముందు రెక్క వంగుతుంది. అప్పుడు రెండు రెక్కల మధ్య సందులోంచి గాలి వేగంగా దూసుకెళ్ళి, వెనక రెక్కకి లిఫ్ట్ పెరుగుతుంది. వెనక భాగం పైకి లేస్తే ముక్కు ఏమవుతుంది? ఇంకా కిందికి వంగుతుంది. అంటే ప్రాణం కాపాడుకోవడానికి పైలట్ చేసే పనే అతన్ని ఇంకా కిందికి తోస్తుంది. ఒక్కసారి ఊహించుకోండి. మీరు బ్రేక్ తొక్కుతున్నారు, బండి ఇంకా స్పీడ్ అవుతోంది.

ఆ లోపం మామూలుగా నిదానంగా ఎగురుతున్నప్పుడు కనిపించదు. మిన్యే స్వయంగా ఎన్నోసార్లు ఎగిరాడు, ఆయనకి ఏమీ కాలేదు. మనసులో మోసం లేదు ఆయనకి. తను ఎగిరాడు కాబట్టి అందరికీ పనిచేస్తుంది అనుకున్నాడు. మా సాఫ్ట్‌వేర్‌లో దీనికో ఫేమస్ డైలాగ్ ఉంది: నా సిస్టమ్‌లో బాగానే పనిచేస్తోందే! మా దగ్గర ఆ మాటకి మహా అయితే యాప్ క్రాష్ అవుతుంది. అక్కడ మనుషులు క్రాష్ అయ్యారు. మిన్యే తర్వాత డిజైన్ మార్చి, సరిచేసిన విమానాలు చాలా ఏళ్ళు చేశాడు. పోయినవాళ్ళు మాత్రం తిరిగి రారు కదా.

నా సొంత అనుభవం ఒకటి చెప్తా. ఇప్పటిదాకా ఛానెల్‌లో చెప్పలేదు, ఎందుకంటే పరువు తక్కువ. బీటెక్ థర్డ్ ఇయర్‌లో నేను, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి కాలేజ్ ఫెస్ట్ కోసం థర్మోకోల్‌తో ఆర్‌సీ విమానం చేశాం. రెక్క మీటరున్నర. ముందు రోజు రాత్రి బ్యాటరీ ముందు పట్టట్లేదని నేనే వెనక్కి జరిపా. "ఏం కాదు రా, అంటించెయ్" అన్నా. పొద్దున్నే గ్రౌండ్‌లో వదిలాం. లేచింది. అందరూ ఈలలు. రెండు సెకన్లకి ముక్కు పైకి లేచి, లేచి, నిట్టనిలువుగా నిలబడి, గాలిలో ఆగిపోయి పక్కకి పడింది. స్కూటర్ స్టాండ్ దగ్గర కూర్చున్న సెక్యూరిటీ అంకుల్‌కి రెండడుగుల దూరంలో. ప్రొపెల్లర్ ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. "నా కళ్ళు పోయేవి కదయ్యా" అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. బ్యాటరీ జరపడం వల్ల బరువు మధ్యబిందువు వెనక్కి పోయింది. ఇది ఎవరైనా నిమిషంలో చెక్ చేయొచ్చు. విమానాన్ని రెండు రెక్కల కింద రెండు వేళ్ళ మీద నిలబెట్టాలి. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో వేళ్ళు పెడితే, బ్యాలెన్స్ అవ్వాలి, లేదా ముక్కు కొంచెం కిందికి వాలాలి. తోక వాలిందంటే ఎగరేయకూడదు. మాకు ఆ రూల్ తెలుసు కూడా. పరీక్షలో రాశాం. గ్రౌండ్‌లో చెక్ చేయలేదు.

ఇప్పుడు మూడో మనిషి. ఈయన గురించి చాలామందికి తెలీదు, కానీ నా లెక్కలో ఈ మొత్తం కథలో ఈయన లేకపోతే మిగతాది లేదు.

అమెరికాలో 1926లో విమానాల మీద కేంద్ర చట్టం వచ్చింది. లైసెన్సులు, తనిఖీలు. మంచిదే. కానీ ఆ రూల్స్ ఫ్యాక్టరీల కోసం రాసినవి. తర్వాత ఒక్కో రాష్ట్రం అవే రూల్స్ పెట్టేసరికి, ఇంట్లో కట్టుకున్న విమానానికి చోటే లేకుండా పోయింది. ఒరెగాన్ రాష్ట్రం మాత్రం తన సొంత పద్ధతిలో వీళ్ళని ఎగరనిచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కూడా చాలా చోట్ల ఇంటి విమానం అంటే చట్టవిరుద్ధమే.

అప్పుడు ఒరెగాన్‌కి చెందిన జార్జ్ బోగార్డస్ అనే ఆయన 1947లో ఇంట్లో కట్టిన ఒక చిన్న విమానంలో, దాని పేరు లిటిల్ జీ బీ, ఒక్క సీటే ఉంటుంది, దేశం ఈ చివర నుంచి ఆ చివర వరకు, వాషింగ్టన్ డీసీ దాకా నడుపుకుంటూ వెళ్ళాడు. రికార్డు కోసం కాదు. విమానయాన శాఖ అధికారుల్ని కలవడానికి. మమ్మల్ని దొంగల్లా చూడొద్దు, మాకంటూ ఒక రూల్ పెట్టండి, తనిఖీ చేయండి, మేం ఒప్పుకుంటాం అని అడగడానికి. ఒకసారి వెళ్ళి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. 1950ల మొదటికల్లా ఇంట్లో కట్టే విమానాలకి ప్రత్యేక కేటగిరీ వచ్చేసింది. 1953 జనవరిలో మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ అనే ఆయన కొంతమందితో కలిసి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. ఇందాక చెప్పిన ఆష్‌కాష్‌లో ఏటా జరిగే భారీ విమానాల జాతర వాళ్ళదే.

ఆ రూల్స్‌లో ఏముందో చూడండి, చాలా తెలివైనవి. విమానంలో సగానికి పైగా పని నువ్వే చేసి ఉండాలి, నేర్చుకోవడం కోసం, సరదా కోసం. తనిఖీ చేయించాలి. లోపలికి ఎక్కే చోట ఎక్స్‌పెరిమెంటల్ అని పెద్దగా రాయాలి. మొదటి 25 లేదా 40 గంటలు మామూలుగా జనం లేని ప్రాంతం మీదే, ప్యాసింజర్లు లేకుండా ఎగరాలి. అంటే రిస్క్ నీది, నువ్వు తీసుకో. నీ రిస్క్ ఆ సెక్యూరిటీ అంకుల్ నెత్తిన పడకూడదు. నాకు అర్థమైంది ఇదే.

మన దేశంలో కూడా ముంబైలో పైలట్‌గా పనిచేసే అమోల్ యాదవ్ గారు కాందివలిలో తమ బిల్డింగ్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టారు. టెర్రస్ మీద కట్టడం ఒక ఎత్తైతే, డీజీసీఏ రిజిస్ట్రేషన్ ఇంకో ఎత్తు. అది 2017లో వచ్చింది. ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. అయినా రాత్రికి రాత్రి దొంగచాటుగా ఎగరేయలేదు.

సో తమ్ముడూ, నీకు నా రిప్లై.

వెదురు సరిపోతుందా అని అడిగావు. ఆ ప్రశ్నకి సమాధానం నీకు తెలీదు కాబట్టి నన్ను అడిగావు. నాకూ తెలీదు. ఇద్దరికీ తెలియని దాని మీద నువ్వు కూర్చోకూడదు. ఆ బైక్ ఇంజిన్‌ని విప్పు, మళ్ళీ బిగించు, అది మంచి చదువే. కానీ దానికి ప్రొపెల్లర్ పెట్టి స్టార్ట్ చేయకు. అది చేతులు నరుకుతుంది.

40 వేలు దాచుకో. అందులో ఐదారు వేలతో చిన్న ఆర్‌సీ విమానం చేయి. అది కూలిపోతుంది. ఎందుకు కూలిందో నోట్‌బుక్‌లో రాయి. తేదీ, బరువు, బ్యాలెన్స్ పాయింట్, గాలి ఎలా ఉంది, ఏం మార్చావు. రెండోది చేయి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూస్కో. ఖాళీ గ్రౌండ్‌లో, మనుషులకి దూరంగా ఎగరేయి. పదో విమానానికి వచ్చేసరికి నీ నోట్‌బుక్ చూసి, వీడికి మా దగ్గర సీటు ఇవ్వాలి అనుకునే ఏరోనాటికల్ ప్రొఫెసర్లు ఉంటారు.

ఇంకోటి. నాన్నకి చెప్పు. ఈ రాత్రే చెప్పు. తిడతారు, పర్లేదు. పీటెన్‌పోల్ షెడ్డు ఊరందరికీ తెలుసు. ఎవరికీ చెప్పకుండా చేయాల్సిన విమానం అయితే, అందులో ఏదో తేడా ఉన్నట్టే. నాన్న ఒప్పుకోకపోతే ఈ వీడియో చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే నాకు మెసేజ్ పెట్టు, నేను మాట్లాడతా. ఇది ఊరికే వీడియో కోసం అంటున్న మాట కాదు.

మిగతా ఫ్రెండ్స్, మీ ఊళ్ళో కూడా ఇలా ఏదో ఒకటి సొంతంగా తయారుచేసిన మెకానిక్ ఎవరైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి. ఏం చేశారు, ఎలా చేశారు, ముఖ్యంగా ఎన్నిసార్లు ఫెయిల్ అయ్యారు. ఫెయిలైన కథలు పిన్ చేస్తా. ఈ వీడియో మీ ఇంట్లో ఇంజిన్లు విప్పే తమ్ముడికో చెల్లికో పంపండి.

వచ్చే వారం ముందు అనుకున్న టాపిక్‌తోనే కలుద్దాం. ఈలోగా ఎవరూ వెదురు రెక్కలు కట్టుకుని మేడెక్కకండి. ఉంటా మరి, బై.